మూలమేది? నకలేది?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో బొమ్మకథలను గూర్చి చేసిన ప్రసంగము)



రజతోత్సవ సభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మా యింటికి వచ్చి అడిగినప్పుడు, ఈతడు ఎప్పటివలెనే పోతనగారి పద్యములు చదివి కూర్చుండునని వారు తలచియుందురు. మీలో పలువురును అట్లే తలచి వచ్చియుందురు. నేను గురువునొద్ద కూర్చుండి కావ్యములు చదివినవాడను గాను. పగలు ఊరి లెక్కలు వ్రాసి, సాయంకాలము ఈ గ్రంథాలయములో నిఘంటువు ప్రక్కన బెట్టుకొని, తెలియని మాట తెలియువరకు పుట త్రిప్పక, కొంత చదువుకొన్నవాడను. అట్టివాడు నేడు పురాణములు మాని పిల్లలు చదువు బొమ్మకథలను గూర్చి మాటాడబోవుచున్నాడు. నవ్వవలసినవారు ఇప్పుడే నవ్వుకొనుడు. తరువాత కొంత లెక్క చెప్పవలసియున్నది.

సంగతి యిది. గ్రంథాలయము స్థాపించిననాడు ఊరిలోని పెద్దలు తమ యిండ్ల అటకలమీదనున్న పాత వారపత్రికలను, మాసపత్రికలను మూటలు గట్టి తెచ్చి యిచ్చిరి. అవి లోపలిగదిలో గోడవెంబడి నేటికిని ఉన్నవి. వానిని కిలోల లెక్కన అమ్మివేసి, ఆ చోట పరీక్షలకు చదువుకొను పిల్లలకు బల్లలు వేయవలెనని మొన్నటి కార్యవర్గ సమావేశములో ఒక తీర్మానము వచ్చినది. అది యింకను తేలలేదు. ప్రతిపాదించినవారు నాకు మిత్రులు. వారి కోరికలో దోషము లేదు. రామంతాపూరు ఒకనాడు ఊరు. నేడు పట్టణము దానిని నాలుగు దిక్కుల చుట్టుకొన్నది. ఒక్కొక్క యింట నలుగురు పిల్లలు ఒకే గదిలో చదువుకొనుచున్నారు. వారికి బల్ల కావలెను, దీపము కావలెను. అయినను ఆ కట్టలలో ఏమున్నదో చూచుకొనక అమ్మరాదని నా మనవి. అందులోని కథలను, నవలలను అచ్చువారు మరల పుస్తకములుగా వేయుదురు. పద్యమును ఎవరో ఒకరు కంఠస్థము చేసియుందురు. బొమ్మకథ యొక్కటియే ఆ కాగితము పోయిన తోడనే పోవును. ఏల పోవునో చెప్పుటకే నేను నిలుచున్నాను.

మొదట బొమ్మకథ యనగా నేమి? కథలో నడుమ నడుమ బొమ్మ వేసినంత మాత్రమున అది బొమ్మకథ కాదు. అక్కడ బొమ్మను తీసివేసినను కథ నడచును. బొమ్మకథలో గడికి ప్రక్క గడి, దాని ప్రక్క మరియొక గడి ఉండును. పాత్రల నోటినుండి మాటలు బుడగలవలె వెడలును. బొమ్మను తీసివేసితిమా, కథయే లేదు. ఇది సముద్రముల కావలినుండి వచ్చిన విద్యయని మనవారు కొందరు తేలికగా చూతురు. అచ్చుపద్ధతి అక్కడనుండి వచ్చినమాట నిజమే. వరుసగా గీసిన బొమ్మలతో కథ చెప్పుట మాత్రము మనకు క్రొత్త గాదు. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీద విజయనగరకాలపు చిత్రకారులు పట్టీలు పట్టీలుగా పురాణకథలను వ్రాసినారు. తల యెత్తి నడచుచు చదువుకొనవలసిన పుస్తకము అది. మెడ నొప్పి మాత్రము పాఠకునిదే.

అంత దూరము పోనక్కరలేదు. మన తెలంగాణములోనే, సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు వ్రాయు పటములున్నవి. నూలుగుడ్డకు గంజి, సుద్దమన్ను, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూసి ఆరబెట్టి, ఎఱ్ఱని నేలమీద బొమ్మలు వ్రాయుదురు. పాత పటములు మూడడుగుల వెడల్పున, నలువది అడుగులకు మించిన పొడవున గూడ ఉండెడివి. అడ్డముగా అంచులు గీసి, ఒక్కొక్క అరలో ఒక్కొక్క ఘట్టము చూపుదురు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, డక్కలివారు మాదిగలకు జాంబపురాణమును ఈ పటమును విప్పుచు, కఱ్ఱతో చూపుచు పాడి చెప్పెడివారు. అచ్చులేనినాటి బొమ్మకథ యిదియే. చెప్పువాడు పటము ప్రక్క నిలుచుండెడివాడు. నేటి బొమ్మకథలో చెప్పువాడు బుడగలోనికి పోయినాడు. భేదమంతే.

ఆ పటములను గూర్చి మరియొక్క సంగతి చెప్పి ముందుకు పోయెదను. పటము వాడి వాడి చినిగినప్పుడు దానిని పారవేయరు. పూజచేసి నీటిలో కలుపుదురు. బొమ్మకు సైతము ఉత్తరక్రియ జరుగును. ఈ మాట మీరు కొంచెము గుర్తుంచుకొనవలెను.

అలంకారశాస్త్రము చదివినవారు ధ్వని యను మాట నెఱుగుదురు. చెప్పిన మాటలకన్న చెప్పని యర్థము హృదయమునకు తగులుట ధ్వని. ఆనందవర్ధనుడు దీనిని కావ్యమునకు ఆత్మ యన్నాడు. బొమ్మకథలో ఆ ధ్వని యెక్కడ నున్నదని నన్నడిగినచో, గడికి గడికి నడుమనున్న తెల్లని సందులో నున్నదని చెప్పెదను. మొదటి గడిలో వేటగాడు నూకలు చల్లి వల పన్నినాడు. రెండవ గడిలో పావురములు వలలో నున్నవి. అవి దిగుట, ఆశపడుట, కాలు తగులుకొనుట ఇవి యేవియు గీయబడలేదు. చదువు పిల్లవాడు తానే ఆ సందులో దిగి వానిని పూరించుకొనును. అంతటి పని చేయు పిల్లవానిని సోమరి యనుట అన్యాయము.

పావురముల మాట వచ్చినది గనుక అసలు మనిషియొద్దకు వచ్చెదను. తెలుగువారిలో బొమ్మకథకే తన జీవితము నిచ్చిన చిత్రకారుడు బుజ్జాయి. అసలు పేరు దేవులపల్లి సుబ్బరాయశాస్త్రి. కృష్ణపక్షము వ్రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి కుమారుడు. 1931లో పుట్టినాడు, 2017లో కన్నుమూసినాడు. ఇంటిలో పిలిచెడి ముద్దుపేరే సంతకమైనది. ఎనుబది దాటిన వయసునను ఆయన పాఠకులకు బుజ్జాయియే. తండ్రిపేరుతో బ్రతుకవలెనన్న ఆయనకు మార్గము సులువుగా నుండెడిది. నాలుగు గేయములు వ్రాసి, కృష్ణశాస్త్రిగారబ్బాయి యనిపించుకొని తిరిగియుండవచ్చును. ఆయన ఆ త్రోవ త్రొక్కలేదు. తండ్రి మాటల మనిషి, కొడుకు గీతల మనిషి.

తెలుగు వారపత్రికలు చదివిన పెద్దలు డుంబును మరచియుండరు. డుంబు ఆయన సృష్టించిన పాత్ర. ఆంగ్లము చదువుకొన్నవారికి ఆయన మరియొక విధముగా తెలియును. బొంబాయినుండి వెలువడుచుండిన ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియాలో 1960 దశకమున ఆయన పంచతంత్రమును బొమ్మకథగా గీసినాడు. అమరచిత్రకథ పుస్తకములు 1967లో గదా బయలుదేరినవి! అంతకుముందే ఒక తెలుగు చిత్రకారుని కాకులు, తాబేళ్లు దేశమంతట తపాలాలో తిరుగుచుండినవి. ఆ వీక్లీయు 1993లో ఆగిపోయినది.

పంచతంత్రము పేరు చెప్పగానే మనలో చాలమందికి చిన్నయసూరి నీతిచంద్రిక జ్ఞాపకమునకు వచ్చును. 1853లో వెలువడిన ఆ గ్రంథములో మిత్రలాభము, మిత్రభేదము మాత్రమే ఉన్నవి. మిగిలినవానిని తరువాతివారు తెనిగించిరి. దానివంటి వచనము తెలుగున లేదని నేను నమ్ముదును. నేను చదువు నేర్చుకొన్నది ఆ వాక్యముల నడుమనే. అయినను ఒక మాట చెప్పక తప్పదు. పాఠశాలలో దానిని చదివిన పిల్లలకు లఘుపతనకుడను కాకి కనబడెడిది కాదు. సంధి, సమాసము, ప్రతిపదార్థము, వాని వెనుక పంతులుగారి బెత్తము కనబడెడివి. విష్ణుశర్మ ఆ కథలు చెప్పినది యెవరికి? చదువన్న పరుగెత్తిపోవు అమరశక్తి కుమారులకు! చదువని పిల్లలకొఱకు పుట్టిన గ్రంథమును మనము చదివిన పిల్లలకు సైతము అందకుండ చేసితిమి. దానిని గడులలో గీసి వారపత్రికలో వేసినవాడు గ్రంథమును పిల్లలకొఱకు క్రిందికి దింపినాడని కొందరందురు. నా దృష్టిలో అతడు దానిని మొదటి శ్రోతలకు తిరిగి అప్పగించినాడు.

ఆ పని యెంత కష్టమో ఆలోచింపుడు. పంచతంత్రములో కథలో కథ యుండును, ఆ కథలో మరియొక కథ యుండును. కాకి ఎలుకతో మాటాడుచుండగా, ఎలుక తన పూర్వకథ చెప్పును. ఆ కథలోని సన్న్యాసి మరియొకని కథ చెప్పును. వచనములో ఒక్క వాక్యముతో లోపలికి పోయి, మరియొక్క వాక్యముతో బయటికి రావచ్చును. బొమ్మలో ఎట్లు? ఏ గడి యెవని కథయో పాఠకుడు చూచిన తోడనే తెలిసికొనవలెను. దానికి అంచు మార్చవలెనా, నేల మార్చవలెనా, చెప్పుచున్న ఎలుకను మూలలో కూర్చుండబెట్టవలెనా? బొమ్మకథ గీయువాడు ప్రతివారము ఇట్టి చిక్కును విప్పుకొనవలెను. ఇంకొకటి. వచనములో హిరణ్యకుడని ఒకసారి చెప్పిన చాలును. బొమ్మలో అదే ఎలుక ఎదురుగా, ప్రక్కగా, వెనుకనుండి, పరుగెత్తుచు, పండుకొనియు, ప్రతి గడిలోను అదే ఎలుకగా కనబడవలెను. లెక్కలవాడను గనుక ఒక లెక్క వేసితిని. వారమునకొక పుట, పుటకు ఆరు గడులు వేసికొన్నను ఏడాదికి 312 బొమ్మలు. అయిదేండ్లకు 1,560. జ్వరము వచ్చినవారమును అందులో కలదు.

కృష్ణశాస్త్రిగారిని గూర్చి ఒక సంగతి మీరెఱిగినదే. 1960 దశకమున గొంతు జబ్బువలన ఆయన కంఠము పోయినది. రేడియోలో, సభలలో పలుకుతోనే జనులను కట్టివేసిన మనిషి, ఆపైన ఏమి చెప్పవలెనన్నను కాగితముమీద వ్రాసి చూపవలసివచ్చెను. 1980లో పోవువరకు అంతే. అదే దశకమున కొడుకు కాకుల నోట, ఎలుకల నోట బుడగలు గీసి అందులో మాటలు పెట్టుచున్నాడు. ఒకే యింట తండ్రిమాటయు కాగితముమీదనే, కొడుకు జంతువుల మాటయు కాగితముమీదనే. తండ్రిని, తన్ను గూర్చి బుజ్జాయి తరువాత ‘నాన్న–నేను’ అను పుస్తకము వ్రాసినాడు. మన బీరువాలో లేకున్నచో కొనవలసిన పుస్తకము.

ఇక బొమ్మ యెట్లు పత్రికకు చేరెడిదో చెప్పెదను. నా వాదమంతయు ఇక్కడనే ఉన్నది.

చిత్రకారుడు దళసరి కాగితముమీద, పత్రికలో రావలసిన కొలతకన్న పెద్దదిగా గీయును. ముందు పెన్సిలు, పైన ఇండియన్ ఇంకు. కలము పాళీతో సన్నగీత, కుంచెతో లావుగీత. తప్పిన చోట తెల్లరంగు పూసి దిద్దును. నీలిపెన్సిలు గుర్తులు కెమేరా కంటికి ఆనవు గనుక కొలతలు, సూచనలు దానితో వ్రాయుదురు. ఆ కాగితము బ్లాకులు చేయువారి యొద్దకు పోవును. వారు దానిని చిన్నదిగా ఛాయాచిత్రము తీసి, మందు పూసిన జింకు రేకుమీదికి దింపి, ఆమ్లములో ముంచుదురు. గీతలున్నచోటు నిలుచును, లేనిచోటు ఆమ్లము తినివేయును. ఆ రేకును అక్షరముల ఎత్తునకు సరిగా కొయ్యదిమ్మకు బిగించి, అక్షరములతోపాటు యంత్రమునకెక్కింతురు. బొమ్మ చిన్నదైనప్పుడు గీతలు దగ్గరపడి బిగువగును. మంచి చిత్రకారుడు అచ్చులో ఎట్లుండునో తలచుకొనియే గీయును. అనగా, అతడు గీసిన కాగితము అతని ఉద్దేశమునకు ఒక మజిలీ. ఆ ఉద్దేశము చేరవలసిన చోటు పాఠకుని చేతిలోని పుట.

అచ్చు ముగిసిన తరువాత ఆ కాగితమునకు, రేకునకు ఏమి గతి? జింకు రేకునకు తూకమున్నది గనుక అది కొంతకాలము అరలో నుండి పిదప కరగుటకు పోవును. కాగితమునకు ఆ తూకమును లేదు. చూచి బ్లాకు చేయుటకు పనికివచ్చిన సామగ్రియే గాని, అది కళయని పత్రికాలయములలో తలచినవారు అరుదు. కొన్ని చిత్రకారుని యింటికి మరలినవి, కొన్ని సొరుగులలో నుండిపోయినవి, మిక్కిలిగా చెత్తబుట్టకు పోయినవి. చేర్యాల పటమునకు జరిగిన ఉత్తరక్రియ వీనికి జరుగలేదు.

నా వృత్తిలో మూలమునకు, నకలుకు ఉన్న భేదము పసిపిల్లవానికి గూడ తెలియును. మూలపత్రము పెట్టెలో నుండును, నకలు చేతిలో తిరుగును. నకలు పోయిన మరియొకటి తీయింపవచ్చును. మూలము పోయినచో కచేరీల చుట్టు తిరుగవలసినదే. కాని ఒక ధర్మమున్నది. మూలము నశించినప్పుడు, దానినిబట్టి వ్రాసిన మొదటి నకలు మూలస్థానమునకు ఎక్కును. మన ప్రాంతపు భూమి తగవులలో 1954–55 నాటి ఖాస్రా పహాణీని నేటికిని ఎందుకు వెదకుచున్నారు? భూమి లెక్కలన్నియు కంప్యూటరు కెక్కినవి గదా! ఎక్కించినవాడు తప్పెక్కించినాడేమో చూచుటకు పాత కాగితము కావలెను. వారపత్రిక పుటయు అట్టిదే. చిత్రకారుని కాగితము పోయినది, జింకు రేకు కరిగినది. ఇక 10 రూపాయలకో 12 రూపాయలకో కిలోగా పోవనున్న ఆ పుటయే మూలము.

ఇది బుజ్జాయి యొక్కనికే చెందిన సంగతి కాదు. బాపును తీసికొనుడు. సత్తిరాజు లక్ష్మీనారాయణ 1933లో నరసాపురమున పుట్టి, మద్రాసులో న్యాయశాస్త్రపు పట్టము పుచ్చుకొని, నల్లకోటు తొడుగక కుంచె పట్టినాడు. న్యాయస్థానమునకు వచ్చిన నష్టము మనకు లాభమైనది. ముళ్ళపూడి వెంకటరమణ బుడుగును మాటలతో పుట్టించినను, జారిపోవు లాగుతో, పిలకతో మన కంటియెదుట నిలిపినది బాపు గీతయే. సత్యం శంకరమంచి అమరావతి కథలు నూరు ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చినప్పుడు, వానికి ఆయన బొమ్మలు వచ్చినవి. ఆయన చేతివ్రాతయే పిదప కంప్యూటరు అక్షరములకు అచ్చయి, నేడు మన పెండ్లిపత్రికలమీద గూడ కనబడుచున్నది. ఇంతటి చేతివ్రాతను ఊరూర చూచుచున్నను, ఎవరిదని అడుగువారు తక్కువ. సినిమా తీయుటకు ముందు ప్రతి దృశ్యమును ఆయన గడులుగా గీసికొనెడివాడు. అనగా సంపూర్ణ రామాయణము తెరమీదికి పోకముందు కాగితముమీద బొమ్మకథగా ఉండినది. బొమ్మకథ తక్కువ విద్యయనువారు ఈ సంగతి ఆలోచింపవలెను. ఆయనకు 2013లో పద్మశ్రీ వచ్చినది. మరుసటి యేడు ఆయన మనలను విడిచినాడు.

చందమామ విషయము వేరు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగారలు మొదలిడిన ఆ పత్రికలో చిత్రకారులు నెలజీతముమీద కూర్చుండి గీసినారు. వారము వారము బేరము లేదు, బ్రతుకు నిలకడగా గడచినది. ఆ నిలకడ యెంత ఫలించినదో శంకర్ గారిని చూచిన తెలియును. తమిళదేశమువాడైన ఆయన 1950 దశకపు తొలినాళ్లలో చేరి, అరువదేండ్లు బొమ్మలు గీసినాడు. భుజమున శవముతో, చేత కత్తితో నడచు విక్రమార్కుడు ఆయన చేతివాడే. మనలో ఎవరము విక్రమార్కుని తలచినను ఆ బొమ్మయే తోచును. గీసినవాని పేరు మాత్రము మూలలోని చిన్న సంతకము. ఆయన 2020లో పోగా, పద్మశ్రీ 2021లో వచ్చినది. పతకమునకు తొందర లేదు గాని మనిషికి కాలమున్నదా? మన వడ్డాది పాపయ్యగారు, వపా యను రెండక్షరములతో ఏండ్లతరబడి ఆ పత్రికకు అట్టలను అలంకరించినవారు, 1992లో ఏ పద్మమును లేకయే పోయినారు.

ఇతర దేశములలో ఈ కాగితములకు ఏమి జరిగినదో ఒక్క ఉదాహరణ. బెల్జియములో హెర్జే అను కలముపేరు గల చిత్రకారుడు టిన్‌టిన్ బొమ్మకథలను గీసినాడు. 1936లో ఒక పుస్తకమునకు అట్టగా నీటిరంగులతో బొమ్మ వేసి యిచ్చెను. రంగులు ఎక్కువ, అచ్చు ఖర్చు ఎక్కువని ప్రచురణకర్తలు దానిని వలదనిరి. అంతట ఆయన దానిని ప్రచురణకర్తగారి యేడేండ్ల కొడుకునకు కానుకగా ఇచ్చెననియు, ఆ పిల్లవాడు మడతలు పెట్టి సొరుగులో దాచుకొనెననియు ఆ కుటుంబమువారు చెప్పినారు. మడతల గుర్తులు బొమ్మమీద నేటికిని ఉన్నవి. 2021 జనవరిలో ప్యారిస్ నగరపు వేలములో అది సుమారు 32 లక్షల యూరోలకు పోయినది. మన రూపాయలలో ఇంచుమించు 28 కోట్లు. ఖర్చెక్కువని త్రోసివేసిన కాగితమది!

కార్యవర్గమువారి కన్నులు మెరయుచున్నట్లు తోచుచున్నది. తొందరపడవలదు. మన కట్టలకు కోట్లు రావు. అవి అచ్చుప్రతులు. వేలము కొఱకు వానిని ఉంచుమని నేననుట లేదు. ఆ ప్యారిస్ కథలో నాకు నచ్చినది ధర గాదు, సొరుగు. మన లోపలిగది అట్టి సొరుగు.

మొన్నటి వేసవిలో ఉస్మానియా విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచున్న యొక అమ్మాయి తార్నాకనుండి ఎండలో నడచి మన గ్రంథాలయమునకు వచ్చినది. పాత వారపత్రికలలోని బొమ్మకథల పుటలను చూచి వ్రాసికొనవలెనట. రెండు దినములు నేలమీద కూర్చుండి కట్టలు విప్పినది. దొరికినవి దొరికినవి. కాని కొన్ని సంచికలలో ఆ పుట ఉండవలసిన చోట బ్లేడుతో కోసిన అంచు మాత్రము మిగిలియున్నది. ఎవరో పిల్లవాడు ఏనాడో బొమ్మను ప్రేమించి కోసికొని పోయినాడు. ప్రక్కపుటలోని రాజకీయ వ్యాసము చెక్కుచెదరలేదు. దానిని ఎవరును ప్రేమింపలేదు. ఆ అమ్మాయి విసుగుకొనలేదు. ‘తాతగారూ, ఇక్కడ లేనిది ఇంకెక్కడ చూడమంటారు?’ అని మాత్రము అడిగినది. నాకింకను అరువదియైన రాలేదు గాని, ఆ మాటకు నేను నొచ్చుకొనలేదు. ప్రశ్నయే నాకు పట్టుకొన్నది. ఆమె పోవలసిన చోట్లు చెప్పితిని. నగరములో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞానకేంద్రము, కోస్తాలో వేటపాలెపు సారస్వత నికేతనము. వేటపాలెము ఊరు ఎంత? నేతగాండ్ర ఊరు. 1918లో పెట్టిన గ్రంథాలయము. పాత పత్రికలను పారవేయక దాచిన యొక్క గుణమువలన ఎక్కడెక్కడి పరిశోధకులో నేడు అక్కడికి పోవుచున్నారు. బల్లలు అక్కడను కావలసియుండును. వారు రెంటికిని చోటు చేసికొన్నారు.

కంప్యూటరులో అన్నియు ఉన్నవి గదా యని మన యువకులు అందురు. కొన్ని యున్నవి. చందమామ పాతసంచికలు అట్లే దొరకుచున్నవి. చేసినవారికి నమస్కారము. కాని వారును ఎవరో దాచిన కాగితమునుండియే ఛాయ తీసిరి. దాచనిదానికి ఛాయ యెక్కడిది? ఛాయ తీసినవాడు తొందరలో పుట మడతను విడిచినచో, అంచును కోసినచో, దిద్దుకొనుటకు కాగితము తిరిగి కావలెను. మన యూరిలోనే దూరదర్శన్ స్టూడియో ఉన్నది. కదలు బొమ్మలు మన గడపలోనే తయారైనవి. వానికి భద్రపరచు గదులు, మనుషులు ఉండవలెనని అందరును ఒప్పుకొందురు. కదలని బొమ్మలకు ఒక గోడ చాలును.

ఇక పని మాట. పత్రిక కాగితము కొయ్యగుజ్జుతో చేసినది. అందులోనే పులుపు ఉన్నది. ఎండ తగిలిన పసుపెక్కి, అప్పడమువలె విరుగును. చెమ్మ తగిలిన అంటుకొనును. కనుక కట్టలను కిటికీ ప్రక్కనుండి తీసి ఉత్తరపు గోడకు మార్చవలెను. నేలమీద గాక చెక్కలమీద, నిలువున గాక పరుండబెట్టి ఉంచవలెను. అట్లు పేర్చినచో ఇప్పుడున్న చోటులో సగమే పట్టును. నేను టేపు పెట్టి కొలిచితిని. మిగిలిన సగములో రెండు బల్లలు పట్టును. ఒకే సంచిక రెండేసి, మూడేసి ప్రతులున్నవి చాల గలవు. మంచి ప్రతి నుంచుకొని తక్కినవానిని అమ్ముకొనవచ్చును. దానికి నా అడ్డు లేదు. అయితే అమ్ముటకు ముందు వానిలో కోసిన పుటలకు బదులు దొరకునేమో సరిచూడవలెను.

పట్టిక వ్రాయు పని నేను పుచ్చుకొనెదను. సంచికకు ఒక్క పంక్తి. పత్రిక పేరు, తేది, బొమ్మకథ పేరు, చిత్రకారుని పేరు, లోపించిన పుటలు. చిత్రకారుని పేరు అచ్చులో లేనిచోట మూలలోని సంతకమును భూతద్దముతో చూచి వ్రాసెదను. మీ యిండ్లలో ట్రంకుపెట్టెల అడుగున, అరల క్రింద పరచిన కాగితములలో, డుంబు పుటలు గాని, బుడుగు గాని, ఏ పేరెఱుగని బొమ్మకథ గాని ఉన్నచో, చినిగినదైనను తీసికొని రండు. ఇచ్చినవారి పేరు ఆ పంక్తిలోనే ఎక్కును.

తీర్మానము వచ్చే సమావేశమునకు వాయిదా పడినది గనుక మనకు మూడు వారముల గడువున్నది. ఈ ఆదివారము ఉదయము 9 గంటలకు లోపలిగది తెరచెదము. పొడిగుడ్డలు, మెత్తని కుంచెలు, నూలుదారము తెచ్చుకొనుడు. గుండుసూదులు, అంటించు టేపులు వలదు. సూది త్రుప్పు పట్టును, టేపు జిగురు బొమ్మలోనికి దిగును.